బండకు బెజ్జం: మిస్సిసాగాలోని ఎపిరాక్, దాని వెనుక నూట యాభై ఏళ్లు

గనులకూ సొరంగాలకూ యంత్రాలు తయారు చేసే స్వీడన్ కంపెనీ ఎపిరాక్. దాని కెనడా విభాగం ప్రధాన కార్యాలయం టొరంటోను ఆనుకుని ఉన్న మిస్సిసాగా నగరంలో, పియర్సన్ విమానాశ్రయానికి దగ్గరగా ట్రైస్టార్ డ్రైవ్ అనే వీధిలో ఉంది. బండకు బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ రిగ్గులు, పేలిన రాతిని ఎత్తే లోడర్లు, దాన్ని మోసుకెళ్లే ట్రక్కులు, గని పైకప్పు కూలకుండా ఇనుప బోల్టులు బిగించే యంత్రాలు, వాటన్నిటికీ కావలసిన విడిభాగాలు ఈ కంపెనీ సరుకు. ఎపిరాక్ అనే పేరు 2018 నాటిది. వ్యాపారం మాత్రం 1873లో మొదలైంది. మధ్యలో దాని పేరు నాలుగైదు సార్లు మారింది. మొదట ఏ వస్తువు కోసం పుట్టిందో ఆ వస్తువును వదిలేసింది, తర్వాత పట్టుకున్నదాన్నీ వదిలేసింది. చివరిదాకా మిగిలింది బండకు బెజ్జం వేసే పని ఒక్కటే.

మిస్సిసాగాలో లోహపు గనులు లేవు. ఈ నేలలో తవ్వి తీసినది అంటూ ఉంటే అది ఇటుకల కోసం తీసిన షేల్ రాయి. కుక్స్‌విల్ ప్రాంతంలో 1912లో పెట్టిన ఇటుకల ఫ్యాక్టరీ ఈ రాయి మీదే బతికింది. అసలు గనులున్నది ఉత్తరాన, నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని సడ్బరీలోనూ, ఇంకా పైకి వెళితే టిమిన్స్, కర్క్‌లాండ్ లేక్, రెడ్ లేక్ ఊళ్లలోనూ. అయినా గని యంత్రాల కంపెనీలు విమానాశ్రయం పక్కకు చేరడానికి కారణం ఉంది. ఆ కారణం తెలియాలంటే కంపెనీ కథ మొదటి నుంచి చూడాలి.

1873 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ఆక్టీబొలాగెట్ అట్లాస్ అనే కంపెనీ పుట్టింది. స్వీడన్ ప్రభుత్వ రైల్వేలో ఇంజినీరుగా పనిచేసిన ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ దాని మొదటి అధిపతి. పెట్టుబడి వెనుక ఉన్న ప్రధాన వ్యక్తి బ్యాంకరు ఆండ్రే ఆస్కార్ వాలెన్‌బర్గ్. అప్పట్లో స్వీడన్ అంతటా రైలు మార్గాలు వేస్తున్నారు. పెట్టెలు, వ్యాగన్లు, వంతెనలకు కావలసిన ఇనుప సామగ్రి దేశంలోనే తయారు కావాలన్నది కంపెనీ ఉద్దేశం. నాలుగైదేళ్లు బాగానే సాగింది. 1870ల చివర్లో రైలు మార్గాల నిర్మాణం మందగించేసరికి ఆర్డర్లు పడిపోయాయి. నష్టాలు పేరుకుని 1890లో పాత కంపెనీని మూసి, 'కొత్త అట్లాస్' పేరుతో మళ్లీ తెరవాల్సి వచ్చింది. డబ్బు మళ్లీ వాలెన్‌బర్గ్ కుటుంబానిదే. ఆ కుటుంబపు పెట్టుబడి సంస్థ ఇన్వెస్టర్ ఏబీ నేటికీ ఎపిరాక్‌లో అతిపెద్ద వాటాదారు. ఇంత దీర్ఘకాలం ఒకే కుటుంబం చేతిలో ఉన్న పారిశ్రామిక పెట్టుబడి ఐరోపాలోనే అరుదు.

రాతి పనికి కంపెనీ అనుకోకుండా వచ్చింది. 1890లలో అట్లాస్ తన వర్క్‌షాపులో రివెట్లు కొట్టడానికి గాలి ఒత్తిడితో నడిచే పనిముట్లు విదేశాల నుంచి తెప్పించుకుంది. అవి తరచూ పాడయ్యేవి, బాగుచేస్తూ చేస్తూ సొంతంగా చేసుకోవడం నేర్చుకున్నారు. 1901లో సొంత రివెటింగ్ సుత్తి వచ్చింది. గాలి పనిముట్లకు గాలి కావాలి కనుక 1904లో కంప్రెషర్ వచ్చింది. సుత్తి, కంప్రెషర్ రెండూ చేతిలో ఉన్నాక రాతి డ్రిల్లు పెద్ద దూరంలో లేదు. 1905లో అదీ వచ్చింది.

నిజానికి ఈ రంగంలో అట్లాస్ ఆలస్యంగా వచ్చినట్టే. అప్పటికి బండను తొలిచే యంత్రాలకు నలభై ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. అంతకుముందు ప్రపంచమంతటా పద్ధతి ఒక్కటే. ఒకరు ఉక్కు ఉలిని బండ మీద నిలబెట్టి పట్టుకుంటే ఒకరో ఇద్దరో సమ్మెటతో కొట్టడం, ప్రతి దెబ్బకూ ఉలిని కాస్త తిప్పడం. తెలుగు నేలలో వడ్డెరలు బావులు తవ్విందీ, రాతి కట్టలు కట్టిందీ ఈ తీరునే. ఇలా వేసిన బెజ్జంలో మందు కూరి పేల్చితే బండ విరుగుతుంది. ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఆల్ప్స్ పర్వతాల కింద మోం సెనీ సొరంగం తవ్వేటప్పుడు జెర్మాన్ సొమెయ్యే 1861లో గాలి డ్రిల్లులను పనిలో పెట్టాడు. అమెరికాలో హూసాక్ సొరంగంలో 1866లో బర్లీ డ్రిల్లు వచ్చింది. 1871లో సైమన్ ఇంగర్‌సాల్ తన డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నాడు. గనిలో గాలి ఒత్తిడి వాడటానికి బలమైన కారణాలున్నాయి. ఆవిరి యంత్రంలా పొగ వదలదు, నిప్పు ఉండదు, డ్రిల్లు నుంచి బయటికి వచ్చే గాలి సొరంగం చివర పనిచేసేవాళ్లకు ఊపిరి కూడా ఇస్తుంది.

ఆ గాలితో పాటు దుమ్ము కూడా లేచింది. సమ్మెట కాలంలో రాతి పొడి నెమ్మదిగా రాలేది. యంత్రపు డ్రిల్లు అదే పొడిని పొగమంచులా లేపింది. దాన్ని పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడేవి. దానికే తర్వాత సిలికోసిస్ అని పేరు. 1897 ప్రాంతంలో జార్జ్ లైనర్ డ్రిల్లు కడ్డీకి నడిమధ్య రంధ్రం పెట్టి నీళ్లు పంపే ఉపాయం కనిపెట్టాడు. నీళ్లతో దుమ్ము అణుగుతుందని తెలిసినా చాలా గనులు ఏళ్ల తరబడి పొడిగానే తొలిచాయి. తెలుగు, తమిళ కార్మికులు వేల సంఖ్యలో పనిచేసిన కోలార్ బంగారు గనుల్లో సిలికోసిస్ బాధితులు లెక్కకు మిక్కిలి. మిస్సిసాగా ఉన్న ఒంటారియో రాష్ట్రంలో జరిగింది మరీ విడ్డూరం. 1943 నుంచి 1979 దాకా అక్కడి గనుల్లో షిఫ్టుకు ముందు కార్మికులు బట్టలు మార్చుకునే గదుల్లో అల్యూమినియం పొడిని గాలిలోకి వదిలి పీల్పించేవారు. అది సిలికోసిస్ రాకుండా ఆపుతుందని మెకింటైర్ గని యాజమాన్యం ప్రచారం చేసింది. ఆపలేదు సరికదా, ఆ కార్మికులలో చాలామంది తర్వాత నాడీ జబ్బుల పాలయ్యారు. ఒంటారియో ప్రభుత్వం 2022లో శాసనసభలో క్షమాపణ చెప్పింది. డ్రిల్లు చరిత్ర రాసేవాళ్లు వేగం, బరువు, ధరల గురించి పేజీలు నింపుతారు కానీ ఈ ఊపిరితిత్తుల లెక్క ఎక్కువగా వదిలేస్తారు.

1917లో అట్లాస్, డీజిల్ ఇంజన్లు తయారు చేసే మరో వాలెన్‌బర్గ్ కంపెనీతో కలిసి అట్లాస్ డీజిల్ అయింది. ఆ రెండో కంపెనీ 1898లో, రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ హక్కులు కొని స్టాక్‌హోమ్ పక్కనున్న సిక్లాలో పెట్టినది. యుద్ధానంతర మాంద్యంలో ఇంజన్ల అమ్మకాలు దెబ్బతిన్నాయి. రెండు యుద్ధాల నడుమ కంపెనీ పేరులో ముందున్నది డీజిల్, లాభాల్లో ముందున్నది గాలి పనిముట్లు. ఇదెక్కువ కాలం సాగే పొందిక కాదు. 1948లో ఇంజన్ల తయారీని నోహాబ్ కంపెనీకి అమ్మేశారు. రైలు పెట్టెల తయారీ అంతకు ఎంతో ముందే పోయింది. పుట్టుకకు కారణమైన సరుకూ, తర్వాత పట్టుకున్న సరుకూ ఇలా చేతులు దాటాయి.

ఇంజన్లు వదిలేసే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, అదే దశాబ్దంలో రాతి డ్రిల్లులో దొరికిన విజయం నుంచి. స్వీడన్ నేల గ్రానైట్, నైస్ వంటి అతి గట్టి బండల నేల. ఉత్తరాన కిరూనాలో ఇనుప గనులు, నదుల మీద జలవిద్యుత్ సొరంగాలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వీడన్ ఏ పక్షంలోనూ చేరలేదు. దిగుమతులు ఆగిపోయాయి, మనుషులు సైన్యంలో ఉన్నారు, అయినా సొరంగాలు తవ్వక తప్పలేదు. అప్పటిదాకా డ్రిల్లు అంటే ఇనుప స్తంభానికో చట్రానికో బిగించి ఇద్దరు మనుషులు నడిపే బరువైన యంత్రం. ఉక్కు కడ్డీ మొన కాస్త లోతుకు దిగేసరికి మొండిబారేది. మొండిబారిన కడ్డీలను మోసుకుపోయి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మళ్లీ మోసుకురావడానికే ఒక మనుషుల దండు ఉండేది. పెద్ద గనుల్లో కమ్మరి కొలిమిలే చిన్న కర్మాగారాలు.

ఈ తిప్పలను తీర్చింది మూడు వస్తువుల కలయిక. ఒకటి, ఒక్క మనిషి ఎత్తగలిగే తేలికపాటి డ్రిల్లు. రెండు, దాన్ని కింది నుంచి గాలి ఒత్తిడితో బండ వైపుకు తోసే కాలు, దాన్నే పుషర్ లెగ్ అంటారు. మూడు, కడ్డీ మొనకు అతికించిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క. కార్బైడ్‌ను జర్మనీలో క్రుప్ కంపెనీ 1926 నుంచే లోహాలు కోసే పనిముట్ల కోసం అమ్ముతోంది. కానీ డ్రిల్లు దెబ్బకు అది పగిలిపోయేది. దెబ్బ తేలికగా, వేగంగా ఉంటే కార్బైడ్ నిలుస్తుందనీ, కార్బైడ్ నిలిస్తే తేలిక డ్రిల్లు కూడా బరువు డ్రిల్లంత పని చేస్తుందనీ 1940లలో స్వీడన్ ఇంజినీర్లు పరీక్షల మీద పరీక్షలు చేసి తేల్చారు. విడివిడిగా చూస్తే మూడింటిలో ఏదీ స్వీడన్ సొంతం కాదు. మూడింటినీ ఒకదానికొకటి సరిపోయేలా కొలిచి జతచేయడమే వాళ్ల నేర్పు. అట్లాస్ డీజిల్ డ్రిల్లులు చేసింది, ఉక్కు కంపెనీ సాండ్విక్ కోరోమంట్ పేరుతో కార్బైడ్ మొన కడ్డీలు చేసింది. 1947లో రెండూ ఒప్పందం చేసుకున్నాక, కడ్డీలను అట్లాస్ తన డ్రిల్లులతో పాటే ప్రపంచమంతటా అమ్మడం మొదలుపెట్టింది. ఒక మనిషికి ఒక యంత్రం అన్న ఈ పద్ధతికే స్వీడిష్ మెథడ్ అని పేరు పడింది.

ఇందులో మరో సూక్ష్మం ఉంది. డ్రిల్లు కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కడ్డీ అలా కాదు, అరిగిపోతుంది, మళ్లీ కొనాలి. ఒకసారి డ్రిల్లు అమ్మిన గనికి ఆ తర్వాత నెలనెలా కడ్డీలు అమ్మవచ్చు. అది నడవాలంటే గని దగ్గర దుకాణం ఉండాలి, బాగుచేసే మనిషి ఉండాలి, పేలుడు మందు ఎంత కూరాలో చెప్పగలిగే ఇంజినీరు ఉండాలి. యుద్ధం తర్వాత ఈ కంపెనీ దేశదేశాల్లో అనుబంధ కంపెనీలు పెట్టడం వెనుక ఉన్న తర్కం ఇదే. 1956లో పేరు మార్చినప్పుడు బెల్జియంలోని తన వాణిజ్య శాఖ పేరులోని అక్షరాలు తీసుకుని అట్లాస్ కాప్కో అయింది. 1960లో అట్లాస్ కాప్కో ఇండియా మొదలైంది, పుణె దగ్గర దాపోడీలో కర్మాగారం వచ్చింది.

కెనడా ఇలాంటి కంపెనీకి సహజమైన బజారు. ఒంటారియో ఉత్తర భాగమంతా అతి ప్రాచీనమైన గట్టి బండ. 1883లో పసిఫిక్ రైలు మార్గం వేస్తుండగా సడ్బరీలో రాగి, నికెల్ ఖనిజం బయటపడింది. 1903లో కోబాల్ట్ అనే ఊళ్లో వెండి, 1909లో పోర్క్యుపైన్‌లో బంగారం, 1912 నాటికి కర్క్‌లాండ్ లేక్‌లో బంగారం. యుద్ధం తర్వాత 1950లలో ఎలియట్ లేక్‌లో యురేనియం. అయితే ఈ బజారులో అమెరికన్లు ముందే పాతుకుపోయి ఉన్నారు. క్విబెక్‌లోని షెర్‌బ్రూక్‌లో కెనడియన్ ఇంగర్‌సాల్ రాండ్‌కు సొంత కర్మాగారమే ఉండేది. తేలిక డ్రిల్లు, కార్బైడ్ కడ్డీ చేతపట్టుకుని వచ్చిన స్వీడన్ కంపెనీ వాళ్లతో పోటీపడి చోటు సంపాదించుకుంది. ఆ పోటీ ముగింపు చిత్రంగా ఉంది. 2004లో ఇంగర్‌సాల్ రాండ్ తన డ్రిల్లింగ్ వ్యాపారాన్ని, టెక్సస్‌లోని గార్లండ్ కర్మాగారంతో సహా, అట్లాస్ కాప్కోకే అమ్మేసింది. సైమన్ ఇంగర్‌సాల్ పేటెంటు నుంచి లెక్కవేస్తే అది 133 ఏళ్ల వ్యాపారం.

డ్రిల్లులో తర్వాతి పెద్ద మార్పు 1973లో వచ్చింది. ఆ ఏడాది అట్లాస్ కాప్కో సీఓపీ 1038 అనే హైడ్రాలిక్ డ్రిల్లును విడుదల చేసింది. ఫ్రాన్స్‌కు చెందిన మోంతబేర్ అంతకు కొద్ది ముందే హైడ్రాలిక్ డ్రిల్లు తెచ్చింది కనుక మొదటిది అనే కిరీటం దీనికి దక్కదు. విస్తృతంగా వాడుకలోకి తెచ్చిన ఘనత మాత్రం దీనిదే. గాలిని నొక్కి, గొట్టాల్లో కిలోమీటర్ల దూరం పంపి, చివర సుత్తిని కొట్టించేసరికి పెట్టిన శక్తిలో చాలా భాగం వేడిగా, లీకులుగా పోతుంది. నూనె నొక్కితే నలగదు. అదే పనికి హైడ్రాలిక్ డ్రిల్లు దాదాపు మూడో వంతు శక్తితో సరిపెట్టుకుంది, పైగా వేగంగా తొలిచింది. గాలి డ్రిల్లు వదిలే నూనె మంచు లేకపోవడంతో కార్మికుడికి ఎదురుగా ఉన్న బండ కనిపించింది. చేతిలో పట్టుకునే డ్రిల్లు కాలం పెద్ద గనుల్లో అక్కడితో తీరింది. చక్రాల బండి మీద రెండు మూడు పొడవాటి చేతులకు డ్రిల్లులు బిగించిన జంబోలు వాటి స్థానంలోకి వచ్చాయి. వీటిలో కంపెనీ బూమర్ పేరు గని పనివాళ్ల నోట బాగా నలిగింది. గాలి డ్రిల్లు పూర్తిగా పోలేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో జాక్ హ్యామర్ చప్పుడు ఇంకా వినిపిస్తుంది. తెలుగు పల్లెల్లో బోరు బండి వెనుక గర్జించే కంప్రెషర్ కూడా ఆ పాత గాలి విద్యకు వారసురాలే. బోరు బండి వాడే, బెజ్జం అడుగునే సుత్తి కొట్టే పద్ధతి 1950లలో బెల్జియంలో స్టెన్విక్ చేతిలో రూపుదిద్దుకుంది.

బండను పేల్చాక ఎత్తి బయటపడేయాలి. ఆ యంత్రాల విషయంలో అట్లాస్ కాప్కో సొంత ప్రతిభ కంటే కొనుగోళ్ల మీదే ఎక్కువ ఆధారపడింది. 1988లో సాండ్విక్‌తో నలభై ఏళ్ల చెలిమి తెగిపోయింది. అదే ఏడాది కార్బైడ్ కడ్డీలు, బిట్లు చేసే సెకోరాక్‌ను అట్లాస్ కొనేసింది. మరుసటి ఏడాది అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన వాగ్నర్‌ను కొన్నది. స్కూప్‌ట్రామ్ పేరుతో వాగ్నర్ చేసే లోడరు పొట్టిగా, పొడవుగా, నడుము దగ్గర మడతపడేలా ఉంటుంది. ఎత్తు తక్కువ సొరంగంలో దూరి, రాళ్లు ఎత్తి, మోసుకుపోయి, గుమ్మరించి వస్తుంది. సింగరేణిలో ఎల్‌హెచ్‌డీ అని పిలిచే యంత్రపు జాతి ఇదే. సడ్బరీలోని ఇన్‌కో గనుల్లో 1960లలో ఇలాంటి లోడర్లు విరివిగా దిగాక పట్టాలు, తోపుడు బండ్లు వెనకబడ్డాయి. 2002లో క్రుప్ నుంచి హైడ్రాలిక్ బ్రేకర్ల వ్యాపారం అట్లాస్ కాప్కో చేతికి వచ్చింది.

సాండ్విక్ ఊరుకోలేదు. ఫిన్లాండ్‌కు చెందిన తామ్రాక్‌ను 1997లో తనలో కలుపుకుని నేరుగా పోటీకి దిగింది. ఒకప్పుడు ఒకే సంచిలో సరుకు అమ్మిన రెండు కంపెనీలు ఇప్పుడు ప్రపంచంలో ఏ గట్టి బండ గనిలోనైనా ఎదురెదురుగా నిలబడతాయి. తమాషా ఏమిటంటే సాండ్విక్ కెనడా కార్యాలయం కూడా మిస్సిసాగాలోనే, మెడోవేల్ ప్రాంతంలో స్థిరపడింది.

గనులు లేని ఊళ్లో గని కంపెనీలు కూడటానికి మొదటి కారణం టొరంటో. గనుల వాటాలు అమ్ముడుపోయేదీ, కొత్త గనికి డబ్బు పుట్టేదీ టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజిలో. గని యజమానుల కార్యాలయాలు ఆ నగరంలోని బే స్ట్రీట్ చుట్టూ ఉంటాయి. రెండోది రవాణా. 1939లో మాల్టన్‌లో మొదలైన విమానాశ్రయం పియర్సన్‌గా పెరిగింది, దాని చుట్టూ 401, 403, 410 నంబర్ల హైవేలు అల్లుకున్నాయి. రెడ్ లేక్‌లో ఒక లోడరు ఆగిపోతే స్వీడన్ నుంచి వచ్చిన విడిభాగం ఇక్కడ దిగి, ఆ రాత్రే ఉత్తరానికి బయలుదేరగలదు. మూడోది పరిశోధన. 1960లలో షెరిడాన్ పార్క్‌లో ప్రయోగశాలల సముదాయం వెలిసింది. ఇన్‌కో తన పరిశోధన కేంద్రాన్ని అక్కడే పెట్టుకుంది, ఇప్పుడది వాలే కంపెనీ చేతిలో ఉంది. గనుల ఇంజినీరింగ్‌లో పేరున్న హ్యాచ్ ప్రధాన కార్యాలయమూ అక్కడే. మిస్సిసాగా నగరంగా రూపొందింది 1974లో. అంటే ఊరు నగరం కాకముందే గని విద్య దాని పొలాల్లోకి వచ్చింది. ఈ కార్యాలయాల్లో, వాటి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ సంస్థల్లో పనిచేసేవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఎపిరాక్ కెనడాలో బరువైన పని మాత్రం ఉత్తరానే జరుగుతుంది. సడ్బరీ శివారు లైవ్లీ, టిమిన్స్, క్విబెక్‌లోని వాల్ డోర్ ఊళ్లలో సర్వీసు కేంద్రాలున్నాయి. నార్త్ బేలో ఖనిజాన్వేషణకు వాడే డ్రిల్లుల వ్యాపారం ఉంది. నేల లోపలి నుంచి రాతి కడ్డీల్లాంటి నమూనాలు తీసే ఈ డ్రిల్లుల్లో కూడా స్వీడన్ పేరు పాతదే. పెర్ అంటోన్ క్రేలియస్ తేలికపాటి వజ్రపు డ్రిల్లుతో 1886లో పెట్టిన కంపెనీ తర్వాత అట్లాస్ కాప్కో గూటికే చేరింది. 2019లో మాంట్రియల్‌కు చెందిన ఫోర్డియా కూడా కలిసింది, అదీ అన్వేషణ డ్రిల్లులకు బిట్లు, పనిముట్లు చేసే కంపెనీయే.

సర్వీసును నమ్ముకోని తయారీదారు గతి ఏమవుతుందో తెలుసుకోవాలంటే విమానాశ్రయానికి అవతలి పక్కకు వెళితే చాలు. మిస్సిసాగా సరిహద్దు దాటగానే ఎటోబికోలో లొవాట్ అనే కంపెనీ ఉండేది. ఇటలీ నుంచి వలస వచ్చిన రిచర్డ్ లొవాట్ 1972లో దాన్ని పెట్టాడు. పేలుడుతో పని లేకుండా, ముందు భాగంలో తిరిగే పెద్ద పళ్లచక్రంతో నేలను తొలుచుకుంటూ పోయే టన్నెల్ బోరింగ్ మెషీన్లు దాని సరుకు. టొరంటో షెపర్డ్ సబ్‌వే మార్గాన్ని తొలిచిన రాక్, రోల్ అనే రెండు యంత్రాలు లొవాట్‌వే. 2008లో క్యాటర్‌పిల్లర్ ఈ కంపెనీని కొన్నది. టొరంటోలోనే ఎగ్లింటన్ రైలు మార్గానికి యంత్రాలు అందించిన కొద్దికాలానికే, 2013లో, ఈ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. టన్నెల్ బోరింగ్ మెషీను ఒక్కో సొరంగానికి ఒక్కోటి కొలిచి చేయించుకునేది. సొరంగం ముగిశాక దానికి పని ఉండదు, విడిభాగాలు కొనే చేయీ ఉండదు. ఏటా కొత్త ఆర్డరు పడితేనే ఫ్యాక్టరీ నిలుస్తుంది. డ్రిల్లు జంబో అమ్మినవాడికి ఆ బాధ లేదు, గని నడిచినన్నాళ్లూ బిట్లు అరుగుతూనే ఉంటాయి.

తెలుగు పాఠకులకు టన్నెల్ బోరింగ్ మెషీను పరిచయమైంది శ్రీశైలం ఎడమ గట్టు కాలువ వల్ల. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగాన్ని రెండు వైపుల నుంచి అమెరికన్ కంపెనీ రాబిన్స్ యంత్రాలతో తవ్వుతుండగా 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ తర్వాత మిగిలిన భాగాన్ని డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో తవ్వాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. అంటే పాత పద్ధతికే తిరిగి రావడం. బెజ్జాలు వేయడం, మందు కూరడం, పేల్చడం, ఎత్తిపోయడం, బోల్టులు బిగించడం. రాతి స్వభావం అడుగడుగునా మారే చోట ఈ పద్ధతికి ఉన్న సౌలభ్యం పెద్ద యంత్రానికి ఉండదు. పెద్ద యంత్రం ఇరుక్కుంటే వెనక్కి రాలేదు, జంబో రాగలదు.

2017 జనవరిలో అట్లాస్ కాప్కో తన గనుల వ్యాపారాన్ని విడదీస్తున్నట్టు ప్రకటించింది. కంప్రెషర్లు, వాక్యూమ్ పంపుల వ్యాపారం పాత పేరుతోనే ఉండిపోయింది. గనుల విభాగం ఎపిరాక్ పేరుతో 2018 జూన్ 18న స్టాక్‌హోమ్ ఎక్స్ఛేంజిలో చేరింది. ఒకప్పుడు డ్రిల్లుకు ఊపిరి పోసిన కంప్రెషర్‌తోనే ఇలా తెగతెంపులయ్యాయి. హైడ్రాలిక్ డ్రిల్లు వచ్చాక ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి అవసరం తీరిపోయింది కనుక ఈ వేర్పాటు నలభై ఏళ్ల ముందే రాసిపెట్టి ఉన్నట్టు. కొత్త కంపెనీ ప్రధాన కార్యాలయం స్టాక్‌హోమ్ పక్కన నాకాలో, పాత డీజిల్ ఇంజన్ల సిక్లాలోనే ఉంది. ప్రధాన కర్మాగారం ఓరెబ్రూలో, డ్రిల్లు బిట్లు ఫాగెర్‌స్టాలో తయారవుతాయి. భారత్‌లో నాసిక్‌లో కర్మాగారం ఉంది, హైదరాబాద్‌లో రాతి డ్రిల్లింగ్ పనిముట్లు తయారవుతాయి. 2020 మార్చి నుంచి హెలెనా హెడ్‌బ్లోమ్ అధిపతి. 2023లో అమ్మకాలు 60 బిలియన్ స్వీడిష్ క్రోనాలు దాటాయి, ఉద్యోగులు దాదాపు 18 వేల మంది.

విడిపోయాక కంపెనీ పెట్టుబడి ఎక్కువగా పోయింది రెండింటి మీద. ఒకటి, మనిషి లేకుండా నడిచే యంత్రాలు. ఈ ప్రయత్నం ఒంటారియోకు కొత్త కాదు. 1996లోనే ఇన్‌కో, తామ్రాక్ తదితరులు కలిసి సడ్బరీ గనుల్లోని యంత్రాలను నేల మీద కుర్చీలో కూర్చుని నడిపే కార్యక్రమం చేపట్టారు. గనుల్లో వైర్‌లెస్ సంబంధాలు కల్పించే కాల్గరీ కంపెనీ త్రీడీ పీని ఎపిరాక్ 2021లో కొన్నది. రెండోది బ్యాటరీ. దీనికి పర్యావరణ ప్రేమ కంటే లోతు పెద్ద కారణం. గని లోతు పెరిగేకొద్దీ బండ వేడెక్కుతుంది. కోలార్‌లో మూడు కిలోమీటర్లకు పైగా దిగిన ఛాంపియన్ రీఫ్ గనిలో చల్లబరిచిన గాలి పంపితే తప్ప మనిషి నిలబడలేకపోయేవాడు. అలాంటి లోతుల్లో డీజిల్ లోడరు వదిలే పొగ, వేడి బయటికి తోలడానికి పెట్టే ఫ్యాన్ల కరెంటు బిల్లే గని లాభాన్ని మింగుతుంది. పొగ లేని యంత్రమైతే తక్కువ గాలి చాలు, సన్నని గాలి బాట చాలు.

ఎపిరాక్ 2018లో విడుదల చేసిన 14 టన్నుల స్కూప్‌ట్రామ్‌కు బ్యాటరీలు స్వీడన్ కంపెనీ నార్త్‌వోల్ట్ ఇచ్చింది. ఆ నార్త్‌వోల్ట్ 2025 మార్చిలో దివాలా తీసింది. గని యంత్రం ఆయుష్షు పదేళ్లు, పదిహేనేళ్లు, బ్యాటరీ కంపెనీ అంతకాలం నిలుస్తుందన్న భరోసా లేదు. విడిభాగాల మీద బతికే వ్యాపారానికి ఇది చిన్న ప్రశ్న కాదు. 2021లో సడ్బరీ దగ్గర గ్లెన్‌కోర్ తవ్వుతున్న ఓనాపింగ్ డెప్త్ గనికి 23 బ్యాటరీ యంత్రాల ఆర్డరు ఎపిరాక్‌కు దక్కింది. వాటిలో లోడర్లు, ట్రక్కులు, డ్రిల్లింగ్ రిగ్గులు, బోల్టింగ్ యంత్రాలూ ఉన్నాయి. పాత క్రెయిగ్ గని అడుగున, దాదాపు 2,600 మీటర్ల లోతుకు దిగే ఈ గనిలో డీజిల్‌తో పని జరగదని యాజమాన్యం ముందే లెక్కలు వేసి తేల్చుకుంది.

ఒంటారియోలోనే పుట్టిన కంపెనీలూ ఈ బజారులో ఉన్నాయి. 1973లో కాలింగ్‌వుడ్‌లో మొదలైన మెక్‌లీన్ బోల్టింగ్ యంత్రాల్లో స్వీడన్ కంపెనీలకు గట్టి పోటీ ఇస్తోంది. అయినా బండకు బెజ్జం వేసే పనిలో మొదటి రెండు స్థానాలు స్వీడన్‌వే. ఎపిరాక్ రాబడిలో దాదాపు మూడింట రెండు వంతులు కొత్త యంత్రాల నుంచి రాదు, ఇదివరకే అమ్మిన యంత్రాల విడిభాగాలు, మరమ్మతులు, అరిగిపోయే పనిముట్ల నుంచి వస్తుంది.